తిరగేసిన చొక్కా

"ఆ కంచం ఏదీ?"

పొద్దుటినుంచి పెద్దావిడ ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. మొదటిసారి వంటింట్లో గిన్నెల్ని అడిగింది. రెండోసారి గోడని అడిగింది. మూడోసారి మనవరాల్ని అడిగింది. ఇంట్లో ఇక మిగిలింది కోడలే కాబట్టి, నాలుగోసారి వచ్చి కుట్టుమిషన్ ముందు నిలబడింది.

"ఏ కంచం అత్తయ్యా?" అంది టైలరమ్మ, సూది మీదనుంచి కళ్ళెత్తకుండా.

"ఏ కంచమో నీకు తెలీదా? అంచు మీద రెండు చుక్కలుంటాయి. మీ మావగారిది. అటక మీదనుంచి దింపి, తోమి, విడిగా బోర్లించాను. వాడికి ఇవాళ్టినుంచి అందులోనే పెట్టాలి."

"నేను చూళ్ళేదు."

చూడకపోవడమేమిటి! తన కాలి పక్కనున్న ముక్కగుడ్డల సంచిలో, అట్టడుగున పెట్టి, పైన వారం రోజుల పీలికలన్నీ కుక్కింది తనే. వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే ఈ మనిషికి అన్ని కుట్లూ వచ్చుగానీ అబద్ధమాడ్డం మాత్రం రాదు. ఆడినప్పుడల్లా కుట్టు వంకరపోతుంది. ఇప్పుడూ పోయింది. జానెడు మేర విప్పి మళ్ళీ కుట్టాలి.

బాల్కనీలో టైలరమ్మ మొగుడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అటు మూడడుగులు, ఇటు మూడడుగులు. అంతకుమించి బాల్కనీ లేదు. పాతికేళ్ళుగా బస్సు నడుపుతున్న మనిషి. డిపోలో ఆయన్ని రెక్కల డ్రైవరంటారు. చేతులు ఎప్పుడూ ఒంటికి ఆనించకుండా, ఎగరబోయే కోడిలా ఎత్తిపెట్టుకుని నడుస్తాడని ఆ పేరు. ఎందుకలా నడుస్తాడో డిపోలో ఎవరూ అడగలేదు, ఈయనా చెప్పలేదు.

చంకల్లో, మెడ చుట్టూ, తొడల మధ్య చర్మం పొక్కులు పొక్కి, చితికి, పచ్చిపుండవుతుంది. కాస్త మానుతుంది. ఎండలు ముదిరితే మళ్ళీ మొదలు. ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. ఈసారి మాత్రం స్టీరింగు తిప్పలేక పన్నెండు రోజులనుంచి సెలవులో ఉన్నాడు. మొన్న ఎవరూ చెప్పకుండానే చాపా దిండూ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. "లోపల ఉక్కగా ఉంది," అన్నాడు. బయట అంతకన్నా ఉక్కగా ఉంది.

"వాడికి తెలివుంది, బయట పడుకుంటున్నాడు," అంది పెద్దావిడ. "నీకే లేదు. ఇంట్లో ఎదిగిన పిల్లుంది. రేపు దానికంటితే?"

"అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది కదా పోయినసారి."

"చెప్తుంది. ఆవిడ ఇంట్లో పిల్లా ఇది?"

"గోరంత చర్మం ముక్క తీసి పరీక్షకి పంపించారు. ఇవాళ రిపోర్టొస్తుంది. అందాకా ఆగండి. ఆ కంచం లేకపోతే ఒక్కపూట అన్నం దిగదా ఏమిటి ఎవరికీ?"

ఎదిగిన పిల్ల అప్పుడే గదిలోంచి వచ్చింది. చిన్నప్పుడు గుక్క తిప్పుకోకుండా కిచకిచలాడేదని పిచ్చుక అని పేరు పడింది. ఇప్పుడు ఇరవై ఏళ్ళు, కాలేజీ ఆఖరి సంవత్సరం. ఈ మధ్య ఆ కిచకిచలు తగ్గాయి. పరీక్షల భయమనుకుంది తల్లి.

"ఎండలు మాడ్చేస్తుంటే మెడకా గుడ్డేమిటే?" అంది నానమ్మ.

"గొంతు బాలేదు."

చెప్పులేసుకోవాలంటే బాల్కనీ తలుపు ముందునుంచే వెళ్ళాలి. కూతురు వస్తోందని డ్రైవరు కటకటాల వైపు తిరిగి ఒదిగి నిలబడ్డాడు. పిల్ల కూడా అవతలి గోడకి రాసుకుంటూ వెళ్ళింది. ఆ ఇరుకు దారిలో తండ్రీకూతుళ్ళు ఒకళ్ళకొకళ్ళు తగలకుండా తప్పుకోవడం చూసి టైలరమ్మ మిషన్ ఆపేసింది.

"పేపరు ప్లేటులో పెట్టేయ్," అన్నాడు డ్రైవరు బాల్కనీలోంచే. "తినేసి పారేస్తాను. కంచం కోసం గొడవెందుకు పొద్దున్నే?"



* * *

డాక్టరమ్మ గది బయట కుర్చీల వరస. డ్రైవరు చేతులు ఒంటికి తగలకుండా కూర్చోవాలంటే మూడు కుర్చీలు కావాలి. పక్కనున్న పెద్దమనిషి మొదట పేపరు మడిచాడు, తర్వాత కాళ్ళు ముడుచుకున్నాడు, ఆఖరికి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి సార్, ఇది అంటుకునేది కాదు," అంది టైలరమ్మ.

"అబ్బే, కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందమ్మా," అంటూ ఆయన ఎదురు గోడ దాకా వెళ్ళిపోయాడు.

"ఊరంతా చాటించు," అన్నాడు డ్రైవరు పళ్ళబిగువున.

"చాటిస్తాను. మీరు నోరు విప్పరుగా."

ఆయన లేచాడు, నీళ్ళు తాగాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. పిలుపొచ్చేసరికి ఆ వరండా మొత్తం పదిసార్లు కొలిచి వచ్చాడు.

డాక్టరమ్మ రిపోర్టు చదివి తలూపింది. నాన్చుడు తెలియని మనిషి.

"నేననుకున్నదే. ఇది తామర కాదు, గజ్జి కాదు. మురికివల్ల వచ్చింది కాదు, అంటుకునేదీ కాదు. పుట్టుకతో ఒంట్లో ఉండేది. మన చర్మంలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మీకు ఆ పట్టు తక్కువ. చెమట పట్టినా, బట్ట ఒరుసుకున్నా పట్టు వదిలేస్తాయి. సందులో నీరు చేరి పొక్కవుతుంది."

"కచ్చా కుట్టు," అంది టైలరమ్మ.

"ఏమిటమ్మా?"

"అసలు కుట్టు వేసేముందు గుడ్డ కదలకుండా ఎడంగా కచ్చా కుట్టు వేసుకుంటామండి. కాస్త గట్టిగా లాగితే ఊడొచ్చేస్తుంది. ఈయన ఒళ్ళంతా దేవుడు కచ్చా కుట్టు వేసి వదిలేశాడన్నమాట."

డాక్టరమ్మ నవ్వింది. "బావుంది. ఇకమీద నేనూ ఇలాగే చెప్తాను."

డ్రైవరు నవ్వలేదు. "తగ్గుతుందా తగ్గదా, అది చెప్పండి."

"తగ్గుతుంది. పూర్తిగా పోదు. ఈ రెండూ వేరువేరని మీరు అర్థం చేసుకుంటే సగం వైద్యం అయిపోయినట్టే." డ్రైవరు తెచ్చి బల్లమీద పెట్టిన సొట్టల ట్యూబు ఆవిడ చేతిలోకి తీసుకుంది. "ఇది ఎన్నాళ్ళనుంచి రాస్తున్నారు?"

"నాలుగేళ్ళు."

"ఎవరిచ్చారు?"

"మందుల షాపతను. తామరకి మంచిదని. రాస్తే తగ్గేదండీ."

"రాస్తే తగ్గినట్టుండేది, మానితే రెట్టింపయ్యేది. అవునా?" ఆ ట్యూబు తిన్నగా చెత్తబుట్టలో పడింది. "నాలుగేళ్ళు రాసి, ఉన్న చర్మాన్ని కూడా పల్చబరుచుకున్నారు. ఇకనుంచి నేను రాసిచ్చినదే, నేను చెప్పినన్ని రోజులే. పుళ్ళలో చీము చేరింది, దానికి కొన్ని వారాలు మాత్రలు వాడాలి. రోజూ ఈ మందునీళ్ళతో కడిగి, మెత్తగా అద్ది ఆరబెట్టాలి, రుద్దకూడదు. పల్చటి నూలుబట్టలు. ఒరుసుకునేది ఏదీ వద్దు. అప్పటికీ లొంగకపోతే చంకల్లో చెమట తగ్గించే ఇంజెక్షన్లున్నాయి. ఆ తర్వాత లేజరుంది. ఒక్కో మెట్టూ ఎక్కుదాం. మీరు మళ్ళీ బస్సు నడుపుతారు, నాకు ఆ నమ్మకం ఉంది."

ఇంతసేపూ ఊగుతున్న డ్రైవరు మోకాలు మొదటిసారి ఆగింది.

"ఇది అమ్మవైపునుంచో నాన్నవైపునుంచో వస్తుంది. మీ నాన్నగారికి ఉండేదా?"

"మా నాన్నకేం లేదు," అన్నాడు గబుక్కున. "ఏవో చెమటపొక్కులు, అంతే. ఆయన చొక్కా విప్పగా నేను ఎప్పుడూ చూళ్ళేదు. బాల్కనీలో పడుకునేవాడు. గాలంటే ఇష్టం." ఏదో గుర్తొచ్చి నవ్వాడు. "చొక్కా మాత్రం తిరగేసి తొడుక్కునేవాడు లెండి. అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. సీసపు అక్షరాలన్నీ తిరగేసే ఉంటాయి కదా. 'నేనూ అచ్చక్షరాన్నేరా, తిరగేసి ఉంటేనే కాగితం మీద తిన్నగా పడతాను' అనేవాడు. వీధివీధంతా నవ్వేది. తిరగేసిన తాత అని పేరు కూడా పెట్టారు."

డాక్టరమ్మ నవ్వలేదు. కలం మూత పెట్టి ఆయన్నే చూస్తూ కూర్చుంది.

టైలరమ్మ చెయ్యి తన రవిక చంక కుట్టు మీదకి పోయింది. చంక దగ్గర నాలుగు పొరల గుడ్డ కలిసే చోట కుట్టు ఎంత మొద్దుగా ఉంటుందో, లోపలి అంచు ఎంత గరుగ్గా ఉంటుందో ఆమెకన్నా ఎవరికి తెలుసు? తిరగేసి తొడుక్కుంటే ఆ గరుకంతా బయటికి పోతుంది. లోపల మిగిలేది నున్నటి గుడ్డే.

"ఇంట్లో పెద్దవాళ్ళుంటే కనుక్కోండి," అంది డాక్టరమ్మ. "ఇది పిల్లలకి వచ్చే అవకాశం సగానికి సగం. బొమ్మా బొరుసూ లాంటిది. మీకు పిల్లలు?"

"ఒక్కతే. దానికేం లేదు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఎన్నేళ్ళు?"

"ఇరవై."

"బయటపడే వయసు అదే. ఒకసారి తీసుకురండి."

* * *

బస్సులో ప్రయాణికుడిగా కూర్చోవడం డ్రైవరుకి చేతకాదు. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలితో లేని బ్రేకు తొక్కాడు. నడిపే కుర్రాడు గేరు మార్చడం ఆలస్యమైతే నాలుక చప్పరించాడు. ఇంకో రోజైతే టైలరమ్మ దెప్పి ఉండేది.

"అమ్మకి ఈ పుట్టుక సంగతీ అదీ చెప్పకు," అన్నాడు సగం దారిలో.

"చెప్పను. ఇవాళ లోపల పడుకుంటానని మాటివ్వండి."

ఆయన మళ్ళీ లేని బ్రేకు తొక్కాడు.

"అంటుకోదని ఆవిడ కాగితం మీద రాసిచ్చింది. ఇంకేం కావాలి మీకు?"

"నాకు తెలీకనా?" ఆయన గొంతు తగ్గించాడు. "నాన్న లోపలికి వస్తుంటే అమ్మ ముందు చాప తీసేసేది. దుప్పటి మడిచేసేది. నన్ను లాక్కుని ఒళ్ళో పెట్టుకునేది. పుట్టిందగ్గర్నుంచీ అదే చూశాను. ఇప్పుడు గుమ్మం దాటబోతుంటే నా కాళ్ళే ఆగిపోతున్నాయి. డాక్టరు మాట ఈ కాళ్ళకి వినపడ్డంలేదు."

"మరెవరి మాట వినపడుతుంది?"

 రెండు స్టాపులు వెళ్ళిపోయాయి.

"అమ్మ అనాలి," అన్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా.

* * *

మెట్లెక్కుతుండగానే చప్పుడు వినపడింది. టక్. కాసేపాగి, టక్.

వంటింటి గడప దగ్గర పెద్దావిడ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో మేకు. ముందు కొత్త కంచం, ఆరు కంచాల సెట్టులోది. అంచు మీద అప్పటికే ఒక చుక్క పడింది.

"పాతది ఎలుకలెత్తుకుపోయాయిగా," అంది తలెత్తకుండా. "అందుకని దీనికి కొడుతున్నాను."

డ్రైవరు ఆ చుక్క చూశాడు. వెనక్కి తిరిగి బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

టైలరమ్మ దారిలో మొగుడికిచ్చిన మాట అక్కడే గాలికి పోయింది.

"మావగారికీ ఇదే జబ్బు," అంది. "అవునా కాదా?"

"ఎవరు చెప్పారు?"

"కుట్లు చెప్పాయి. ఆయన చొక్కా తిరగేసుకున్నది వేళాకోళానికి కాదు. ఒరుసుకుంటే ప్రాణం పోయేది, అందుకు. మీకు తెలుసు."

పెద్దావిడ మేకు రెండో చుక్క చోట నిలబెట్టింది. సుత్తి ఎత్తింది. కొట్టలేదు.

"అంటుకోదా?" అంది.

"అంటుకోదు. పుట్టుకతోనే వస్తుంది. తండ్రినుంచి కొడుక్కి. కాగితం చూపించనా?"

"నాకెందుకు కాగితం." సుత్తి ఒళ్ళోకి దిగింది. "అంటుకోదంటే, మరి నేనేం చేసినట్టే?"

కోడలికి వెంటనే అర్థం కాలేదు. ఆవిడే చెప్పుకొచ్చింది, గోడకి చెప్పినట్టు.

"వీడికి ఏడాది నిండలేదు అప్పటికి. ఆయన చంకలో ఎత్తుకుని ఆడిస్తుంటే కాంపౌండరొకడు చూసి, 'అమ్మా, పసివాణ్ణి దూరంగా ఉంచండి, అంటుకుందంటే జన్మంతా పోదు' అన్నాడు. ఆ పూటే కంచానికి చుక్కలు కొట్టాను, ఇదే సుత్తితో. చాప బయట పరిచాను. ఆయన ఒక్కమాట అనలేదు. దిండు మర్చిపోయావు, ఇటివ్వు అన్నాడు, అంతే. ముప్పై రెండేళ్ళు. చలికీ వానకీ అక్కడే. ఆఖర్న ఆస్పత్రిలో నర్సు ఉత్తచేతుల్తో ఆయన వీపు తుడుస్తుంటే, తొడుగులు వేసుకోమని నేను కేకలేశాను. ఆ పిల్ల నవ్వింది. ఆయనా నవ్వాడు. నేనే నవ్వలేదు."

బాల్కనీలో అడుగుల చప్పుడు. అటు మూడు, ఇటు మూడు.

"వీడికి అంటకూడదనే కదా అంతా," అంది పెద్దావిడ. "వీడి ఒంట్లో అప్పటికే ఉందా అది? నా ఒళ్ళో కూర్చున్నప్పుడు కూడా ఉందా?"

పొద్దుటినుంచి కోడలు కూడబెట్టుకున్న కోపమంతా ఒక్కసారి ఎటు పోయిందో తెలియలేదు. ఆమె వచ్చి అత్త ఎదురుగా నేలమీద కూలబడింది.

"మీరొక్కరే కాదు అత్తయ్యా. నేను కాపరానికి వచ్చిన కొత్తలో మావగారి చొక్కాలు ఆరు విప్పి మళ్ళీ కుట్టాను, గుర్తుందా?"

గుర్తు లేకేం. కొత్తకోడలి పనితనం చూపించుకోవాలన్న ఉబలాటం. ఆయన చొక్కాలు తిరగేసి తొడుక్కోవడమే కాదు, కొన్నిటిని ఎవరిచేతో కుట్లు బయటికి పెట్టించే కుట్టించుకున్నాడు. ఏ చేతకాని దర్జీ కుట్టాడో అని నవ్వుకుని, ఆమె ఆరింటినీ విప్పి, అంచులు లోపలికి మడిచి, ఊడిపోకుండా మందపు దారంతో రెండేసి వరసలు కుట్టింది. ఇస్త్రీ చేసి మరీ చేతికిచ్చింది.

"వేసుకుని చూసి, 'బాగా కుట్టావమ్మా' అన్నారు. ఇంట్లో నేనున్నంతసేపూ వాటినే తిన్నగా తొడుక్కునేవారు, నేను నొచ్చుకుంటానని. ఎండాకాలం మొత్తం ఆ రెండు వరసల కుట్టు ఆ పుళ్ళ మీద." ఆమె చూపుడువేలి మీది సూదిగాట్లు తడుముకుంది. "కుట్టుపని వచ్చని నాకు ఎంత గర్వమో అప్పుడు."

 తర్వాత టైలరమ్మ మిషన్ పక్కనున్న సంచిని లాగి, పీలికల అడుగునుంచి పాత కంచం తీసి అత్త ఒళ్ళో పెట్టింది.

"ఎలుకలు కావు. నేనే."

"తెలుసు," అంది పెద్దావిడ, కొంగుతో దాన్ని తుడుస్తూ. "ఎలుకలు కుట్టు వంకర వెయ్యవుగా."

ఆ మాటలో వినపడ్డ చిన్న నవ్వుతో కోడలికి ధైర్యం వచ్చింది.

"అత్తయ్యా, ఒక్కమాట అనండి. అంటుకోదురా, లోపలికి రా అని. నేను వందసార్లు అన్నాను, ఆయనకి ఎక్కలేదు. డాక్టరు అంది, ఎక్కలేదు. మీ నోటివెంట వస్తే వస్తానంటున్నారు. లేకపోతే అక్కడే ఉండిపోతారు. మందు లోపల పెట్టి మనిషిని బయట పెడితే ఏం వైద్యమండీ ఇది?"

"నా నోరు రాదే."

"ఎందుకు రాదు?"

"వీణ్ణి పిలిచానంటే ఆయన్ని కూడా పిలవాలి కదా." పెద్దావిడ కంచాన్ని గుండెలకి ఆనించుకుంది. "ఆయనెక్కడున్నాడే ఇప్పుడు, పిలవడానికి?"

 కోడలికి ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. లేచి మొగుడి డ్యూటీ చొక్కా తెచ్చి, చంక దగ్గర కుట్టు విప్పడం మొదలుపెట్టింది. కనీసం ఈ మనిషి చొక్కా అయినా ఈసారి సరిగ్గా కుట్టాలి.

ఒక చెయ్యి విప్పి, రెండోది పట్టుకునేసరికి గుమ్మంలో పిచ్చుక. చెప్పులు విడవలేదు. సంచీ భుజం మీదే ఉంది. ఎంతసేపైందో వచ్చి.

"ఏం చేస్తున్నావమ్మా?"

"నాన్న చొక్కా తిరగేస్తున్నాను. కుట్లు బయటికి. ఒరుసుకోకుండా ఉంటుంది."

"ఓహో," అంది పిల్ల. అని అక్కడే నిలబడింది. తర్వాత చెప్పులు విడిచి, నానమ్మ కాళ్ళమీదుగా వంటింట్లోకి వెళ్ళి, తన కంచం తీసుకొచ్చింది. మధ్యలో పిట్టబొమ్మ చెక్కి ఉన్న చిన్న కంచం. ఎంత పెద్దదైనా అందులోనే తింటుంది. దాన్ని నేలమీద మేకు పక్కన పెట్టింది.

"దీనికి కూడా కొట్టెయ్ నానమ్మా. రెండు చుక్కలు."

"ఏం కూతలే అవి, దీపాలు పెట్టే వేళ?"

పిల్ల మెడచుట్టూ ఉన్న గుడ్డ విప్పింది.

టైలరమ్మ కళ్ళు ముందు కుట్టునే చూశాయి. అలవాటు. మెడపట్టీ అంచు బయటికి ఉంది. భుజం కుట్టు బయటికి ఉంది. పిల్ల పైబట్ట తిరగేసి తొడుక్కుంది, పైన గుడ్డ కప్పుకుని కాలేజీకి వెళ్ళొచ్చింది. పొద్దున్న ఈ మిషన్ ముందునుంచే వెళ్ళింది. ఆ తర్వాతగానీ చర్మం కనపడలేదు. మెడ పక్కన అరచేయంత మేర ఎర్రగా, తడిగా, సన్నసన్నని పగుళ్ళతో.

"ఎన్నాళ్ళైందే?" అంది తల్లి. 

"మూడు వారాలు."

"చెప్పలేదేమే!"

"చెప్తే?" అంది పిల్ల. "బాల్కనీలో ఇద్దరికి చోటెక్కడుంది?"

పెద్దావిడ లేవలేక లేచింది. కంచం ఒళ్ళోంచి జారి గలగలమంటూ దొర్లిపోయింది. ఆవిడ ఎడమచెయ్యి దానంతటదే మనవరాలి మెడవైపు చాపుకుంది. ముప్పై రెండేళ్ళు ఒక్కరోజు కూడా అలా చాపని చెయ్యి.

పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది.

"ముట్టుకోకు నానమ్మా. నీకంటుకుంటుంది."

ఎవరు నేర్పారు దానికి ఈ మాట? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

కంచం చప్పుడుకి బాల్కనీ తలుపు తెరుచుకుంది. డ్రైవరు కూతురి మెడ చూశాడు. ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. గడప దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. చేతులు ఎత్తిపెట్టుకుని అక్కడే నిలబడిపోయాడు, అటు తల్లినీ ఇటు కూతుర్నీ చూస్తూ.

"అంటుకోదు తల్లీ" అన్న మాట టైలరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. బలవంతాన మింగేసింది. ఈ ఇంట్లో ఆ మాట అనవలసింది తను కాదు.

లేచేటప్పుడు ఒళ్ళోంచి జారబోయిన సుత్తి పెద్దావిడ కుడిచేతిలో ఉండిపోయింది. వంగి దాన్ని కింద పెట్టింది. మనవరాలికేసి చూసింది, గడప అవతల కొడుకుకేసి చూసింది, వాడి వెనక ఖాళీగా ఉన్న చాపకేసి చూసింది. పెదవులు కదిలాయి.

మొదటిసారి మాట రాలేదు. మళ్ళీ నోరు తెరిచింది.